నిలువునా కోసిన చుట్టిల్లు

ఫిబ్రవరి 3, 1982

మళ్ళీ అదే పుస్తకం తెచ్చుకున్నాను. పోర్టు లైబ్రరీలో డిజైన్ అని రాసిన అర ఒకటుంది, వ్యాపారం పుస్తకాలకీ చరిత్ర పుస్తకాలకీ మధ్య ఇరుక్కుని. దాని దగ్గరికి నేను తప్ప ఎవరూ వెళ్ళరు. లైబ్రేరియన్ ముద్ర కొడుతూ అన్నాడు: "ఇచ్చేదీ మీరే, తీసుకునేదీ మీరే."

ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని. కుర్చీలు, కూజాలు, వంతెనలు... నాకు కావలసింది చివర్లో ఉంది. ఎక్కడో చలిదేశంలో ఒక రైతు ఇల్లు. పైనుంచి కిందికి కత్తితో కోసి, సగం పక్కకి జరిపేసినట్టు గీశారు. పోర్టు డ్రాయింగ్ ఆఫీసులో మేం దీన్ని సెక్షన్ అంటాం. కప్పు, కప్పు కింద గడ్డి, గోడ మందం, పొయ్యి, పొయ్యి పక్కన మడత పెట్టిన దుప్పటి కూడా. మనుషులు లేరు. ఇప్పుడే లేచి బయటికి వెళ్ళినట్టుంది.

రోజంతా నేను ట్రేస్ చేసేవీ సెక్షన్లే — జెట్టీలు, గోడౌన్లు, మురుక్కాలువలు. ఇల్లు ఒక్కటీ లేదు.

తెలుగులో ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటే... దళసరి కాగితం, చుట్టూ ఖాళీ జాగా, మన ఇళ్ళు.

ఫిబ్రవరి 7, ఆదివారం

అమ్మ ఇవాళ కూడా గుమ్మంలో తల వంచింది.

ఈ రేకుల ఇంటి గుమ్మం ఎత్తు. వంచక్కర్లేదు. గాజువాక వచ్చి ఏడాది దాటినా ఆమె నడుముకి ఆ సంగతి తెలీదు. ఊళ్ళో మాది గుండ్రటి మట్టి గోడలు, తాటాకు కప్పు ఉన్న చుట్టిల్లు. దాని చూరు నా గుండెల దాకా కూడా ఉండేది కాదు. వంగి దూరి, లోపలికెళ్ళి నిటారుగా నిలబడితే నెత్తి మీద చల్లటి చీకటి.

స్టీలు ప్లాంటుకి ఊరు తీసేసుకున్నారు. మనుషుల్ని ఇటు పంపేశారు. కొందరికి అందులోనే పని. అప్పలరాజు బావకి ఇళ్ళు కూల్చే డోజర్ నడిపే పని ఇచ్చారు.

మామయ్య కొడుకు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నా పక్కన అతని పేరే చెప్పేవారు. ఊరు చదును చేయడం అయిపోగానే కాంట్రాక్టరుతో కోరాపుట్ దగ్గర డ్యామ్ పనికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వీధి చివర ఉండే అత్త కూడా కొడుకు మాట ఎత్తదు. ఎవరూ ఎత్తరు.

ఫిబ్రవరి 16

ఆఫీసుకి ఒకావిడ వచ్చారు. తెల్ల చీర, చేతి కర్ర, భుజాన గుడ్డ సంచి. పేరు సుభద్ర గారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారట. కృష్ణా జిల్లా మాట. పాత హార్బర్ మ్యాపులు చూడాలన్నారు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ మూర్తి గారు నా బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

మ్యాపులు చూడలేదు. నా బల్ల మీద పాడైన ట్రేసింగ్ ముక్క చూశారు. దాని మీద ఏదో తోచక గీసిన చుట్టిల్లు.

"ఎవరు గీశారు?"

నేనే అన్నాను. తప్పు చేసినట్టు.

"నేను ఈ ఇళ్ళ మీదే పుస్తకం రాస్తున్నాను. రాతంతా ఉంది. గీసే చెయ్యి లేదు." కర్ర గోడకి ఆనించి దగ్గరికి జరిగారు. "వీటి గురించి చెప్తే ఎవరూ వినరు రత్నం. చూపించాలి."

పేరు అడిగింది ఎప్పుడో గుర్తు లేదు. అప్పుడే రత్నం అనేశారు.

ఫిబ్రవరి 21, ఆదివారం

సుభద్ర మేడంతో ఆనందపురం దాటి ఒక ఊరు. పుస్తకానికి మొదటి ఇల్లు.

టేపు తీశానో లేదో లోపలినుంచి ముసలామె పరుగున వచ్చి గోడకి అడ్డం నిలబడింది.

"ఏటమ్మా, గోడలు కొలిసేత్తన్నారు? మాదీ తీసీసుకుంటారేటి?"

టేపు అంటే అదే. మా ఊళ్ళోనూ మొదట వచ్చింది టేపే.

మేడం చెప్పబోయారు. ఆ మాట ఆమెకి ఎక్కలేదు. నేను చెప్పాను. మాది ఫలానా ఊరని, మా ఇల్లూ ఇలాంటిదేనని, ఇప్పుడు లేదని. పుస్తకంలో బొమ్మ వేయడానికి కొలుస్తన్నామని. ఆమె కాసేపు నా మొహం చూసి టేపు రెండో కొస తనే పట్టుకుంది.

"గట్టిగా లాగు. వొదులైపోనాది."

మార్చి 2

వేళ్ళకి ఇంకు పోవడం లేదు. బాగుంది.

మార్చి 14, ఆదివారం

పరవాడ వైపు. మేడం మోకాళ్ళు సహకరించవు. అరుగు మీద కూర్చుని అడుగుతారు. ఎవరు కట్టారు, ఏ గాలివానకి కప్పు లేచింది, వాసాలు ఎక్కడివి. నేను లోపల పాకుతుంటాను. కొలత అరుస్తాను, ఆవిడ రాసుకుంటారు.

ఎందుకు గుండ్రంగా అని అడిగితే ఆ ఇంటాయన నవ్వాడు. "గాలికి మూల దొరకకూడదండి. మూల దొరికితే పట్టుకు లాగీద్ది."

తిరిగొచ్చే బస్సులో మేడం కిటికీలోంచి చూస్తూ: "చరిత్ర అంటే కోటలే అని నలభై బ్యాచిలకి చెప్పాను. వీళ్ళ సంగతి ఒక్కళ్ళకీ చెప్పలేదు."

అటక ఎక్కేప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలో నా చేతికి తెలిసిపోయింది ఇవాళ. మా ఇంట్లో ఎక్కించింది బావే. ముందు తను ఎక్కి పైనుంచి చెయ్యి ఇచ్చేవాడు. చింతపండు, విత్తనాల కుండలు, ఎండిన ఆకు వాసన. కింద అమ్మ కేకలు. పైన మేం ఊపిరి బిగబట్టుకుని...

ఆ చెయ్యి ఇప్పుడు ఏం పట్టుకుందో.

మార్చి 23

ఈ వేసవికైనా బావ వస్తాడా అని అత్తని అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

ఏప్రిల్ 2

విజయవాడ నుంచి పబ్లిషర్ గారు వచ్చారు, మహారాణిపేటలో మేడం గారింటికి. మంచి మనిషి. కాఫీ తాగుతూ బొమ్మలన్నీ ఒక్కొక్కటీ శ్రద్ధగా చూశారు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మగారూ, చరిత్ర అంటే రాజుండాలండి. డిజైన్ అంటే చీర అంచులనుకుంటారు. మన దగ్గర నవల పోతుంది. నవల కాకపోతే వ్యాపారం పుస్తకం. సబ్బులు చేయడం ఎలా, కోళ్ళు పెంచడం ఎలా. అవి నిలవ ఉండవు."

"అయితే దీన్నేం చేద్దాం?" అన్నారు మేడం.

"తక్కువ ఖర్చులో సొంత ఇల్లు... అని పేరు పెడితే?"

మేడం కర్ర తీసుకుని లేచారు. అయిపోయింది అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి అరటిపళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"తినండి. మీరు వేసే కోళ్ళ పుస్తకంలో కోడి బొమ్మ ఉంటుందా లేదా?"

"ఉంటుందండి."

"కోడిని కోసి లోపల చూపించే బొమ్మ?"

"...ఉంటుంది. జబ్బులకి."

"మరి ఇంటికి ఉంటే తప్పేమిటి?"

నవ్వేశారు ఆయన. వేస్తానన్నారు. సగం బొమ్మలు తీసేయాలి. పేరు మేడం ఇష్టం. ఒకే ఒక్క బొమ్మ మడత కాగితం మీద పెద్దదిగా, విప్పి చూసుకునేలా. వెనక అట్ట మీద ఆయన వ్యాపారం పుస్తకాల ప్రకటన.

ఏప్రిల్ 4, ఆదివారం

మడత కాగితం మీద ఏ ఇల్లు?

మేడం పరవాడ వైపు పెద్దిల్లు అన్నారు. నేను మాది అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"మీది లేదుగా."

"గుర్తుంది మేడం."

"ప్లాన్ గుర్తుంటుంది. గోడ లోపల ఏముందో గుర్తుంటుందా? అటక దూలం గోడలోకి ఎంత దూరం వెళ్ళిందో?" కోపం లేదు ఆవిడ గొంతులో. "చూసినవాళ్ళు చెప్తే గీద్దాం. ఊహించి గీస్తే అది నీ ముచ్చట అవుతుంది. పుస్తకం కాదు."

నిజమే. ఆ నిజం బస్సులో దారంతా నా ఒళ్ళో కూర్చుంది.

ఏప్రిల్ 11, ఆదివారం

నేల మీద పెద్ద కాగితం పరిచాను. అమ్మ పక్కన.

"తలుపు ఇటు. పొయ్యి ఇక్కడ. కాదే, ఇంకొంచెం ఇటు. నాను కూకుంటే ఈధి అగుపడాల." మసక చీకట్లో వంట చేసిన వేలు కాగితం మీద తడబడకుండా తిరిగింది. నీళ్ళ కుండ, రోలు, నాన్న మంచం. నాన్న పోయింది ఆ మంచం మీదే.

గోడ దగ్గర ఆగిపోయింది.

"గోడ లోపల నానెప్పుడు సూసినానే? పైన అలికినాను గాని."

మళ్ళీ, కాగితం వైపే చూస్తూ: "మీ బావ సూసుంటాడు."

ఊరు వదిలాక ఆమె నోటి వెంట అతని మాట రావడం ఇదే మొదటిసారి. కాగితం చుట్టేశాను. ఇద్దరం అన్నం తిన్నాం.

ఏప్రిల్ 17

కోరాపుట్ వెళ్తానని అత్తతో చెప్పాను. ఎందుకని అడగలేదు. "నానూ వత్తాను" అంది. జంతికలు చేస్తంది.

ఏప్రిల్ 24, శనివారం

కిరండూల్ ప్యాసింజర్ రైలు. కిటికీ పక్కన అత్త, ఒళ్ళో జంతికల డబ్బా. కొండలు మొదలయ్యాక సొరంగాలు. చీకటి పడగానే పెట్టె అంతా పిల్లల కేకలు. అత్త మాత్రం ప్రతి సొరంగానికీ కళ్ళు మూసుకుని మళ్ళీ వెలుగులో తెరిచేది.

ఎక్కడో మధ్యలో అంది: "ఆడు నా మొకం సూడలేక ఎల్లిపోనాడు. నానేటీ అన్లేదే. ఒక్క మాట అన్లేదు."

కోరాపుట్ స్టేషన్‌లో దిగేసరికి మధ్యాహ్నం. డ్యామ్ దగ్గరికి జీపులో తీసుకెళ్ళింది ఎర్రన్న అని మన వైపు మేస్త్రి. సిమెంటు కోసం విశాఖ వస్తూ పోతూ ఉంటాడట. ఎర్ర మట్టి, రేకుల షెడ్లు. పని ఆగి ఉంది. బావ డోజర్ పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటన్నాడు. చిక్కిపోయాడు. నల్లబడ్డాడు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ఏటి... ఎవరికైనా బాగోలేదేటి?"

"అందరూ బాగున్నారు" అన్నాను.

అత్త డబ్బా అతని చేతిలో పెట్టి మేస్త్రి భార్య దగ్గరికి వెళ్ళిపోయింది. కావాలనే.

ఏప్రిల్ 25, ఆదివారం — తిరుగు బండిలో

నిన్న రాయలేకపోయాను. మేస్త్రి ఇంట్లో పడుకున్నాం. ఇప్పుడు రైలు కుదుపులో.

బావకి పుస్తకం సంగతి చెప్పాను. చెప్తుంటే నాకే వింతగా ఉంది — ఇంతదూరం వచ్చి అడిగేది గోడ మందమా. అతను జంతిక విరిచి తినకుండా పట్టుకున్నాడు.

"మన ఇల్లు తీయడానికి ఎవరెళ్ళారు బావా? నువ్వేనా?"

"నానే. నాకే ఇమ్మని అడిగి ఎల్లినాను. బయటి ఆపరేటరు ఒకడుండీవోడు. ఆడైతే ఒక్క తోపుకి లేపీసీవోడు. నాను నెమ్మదిగా తీసినాను. ముందు కప్పు మనుసుల సేత దింపించినాను. తరవాత సగం."

"సగమేంటి?"

"సగం తీసినాక బోజనాల ఈల ఏసీసినారు. బండి ఆపీసినాను. అందరూ ఎల్లిపోనారు. నాకు ఆకలి అవ్వలేదు. అక్కడే కూకుని సూసినాను. అత్త పొయ్యి, అటక, మసి... అన్నీ అగుపడతన్నాయి. నిలువునా కోసీసినట్టు."

చలిదేశపు ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంటిని అలా చూడాలని నేను పోర్టు లైబ్రరీలో కూర్చుని కోరుకున్నప్పుడు, బావ అప్పటికే చూసేసి ఉన్నాడు.

"గోడెలా ఉంది?"

డోజర్ ముందు పలక మీద దట్టంగా దుమ్ము. వేలితో గీశాడు. ముందు నేల. తర్వాత గోడ. దాని పక్కన ఇంకో గోడ.

"ఒకటి కాదే. రెండు. లోపల్ది నల్ల మట్టి, సన్నం. దానికి బయట ఎర్ర మట్టి గోడ తొడుగు ఏసినారు. మద్దిని గడ్డి. దూలం లోగోడ మీదే ఉంది, బయటిదాన్ని తాకలేదు."

ముందు చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఎప్పుడో ఏదో గాలివాన తర్వాత చుట్టూ ఇంకో గోడ చేర్చారు. పాతది పడగొట్టలేదు. ఇన్నేళ్ళూ మేం ఇంటి లోపలి ఇంట్లో ఉన్నాం. అమ్మకీ తెలీదు.

నేను కాగితం మీద ఎక్కిస్తంటే నా భుజం మీదినుంచి చూశాడు. మసి ఎంత ఎత్తుదాకా ఉందో అడిగాను. వేలు పెట్టి చూపించాడు. వేలు నా వేలి పక్కనే ఆగింది. ఇద్దరం తీయలేదు. ఇంతలో ఎవరో అతన్ని పిలిచారు.

బయల్దేరేముందు అన్నాను — "ఇంటికి రా బావా."

"ఏ ఇంటికి?"

అతనే మళ్ళీ అన్నాడు: "గాజువాక రోడ్డు మీద మనోళ్ళు ఎదురైతే ఒక్కడూ ఒక్క మాట అనడు. ఎలగున్నావురా అంటారు. అదే నాను ఓర్సుకోలేను."

అత్త ఇప్పుడు సొరంగాల్లో కళ్ళు మూసుకోవడం లేదు.

మే 9

గీస్తన్నాను. పరీక్ష రాసినట్టు. మసి చుక్కలు చుక్కలుగా పెట్టాను, పొయ్యి దగ్గర దట్టంగా, పైకి పోయే కొద్దీ పలచగా. అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతంది, నాకు కాదు, ఇంకు ఆరాలని.

మే 13

మూర్తి గారు చూశారు. చాలాసేపు. "ఇన్నాళ్ళూ నీచేత మురుక్కాలువలు గీయించాను" అని మాత్రం అన్నారు.

మే 16, ఆదివారం

మేడం రెండు గోడల దగ్గర వేలు ఆపారు. కళ్ళు మెరిశాయి. ఇంకెక్కడా చూడలేదట ఇలా.

"ఎవరు చూశారు?"

"మా బావ."

"ఎలా చూశాడు?"

చెప్పాను. ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి విన్నారు. అంతా విని: "కింద అతని పేరు వేయాలి. ఎప్పుడు, ఎలా చూశాడో కూడా. అది లేకపోతే రేపు ఎవరైనా ఇది కల్పన అంటారు."

"ఊళ్ళో ఇళ్ళు కూల్చింది తనే అని అచ్చులో పడుతుంది మేడం."

"ఊళ్ళో తెలీదా?"

"తెలుసు. తెలియడం వేరు... చదవడం వేరు."

బల్ల మీద కాగితం. మేడం దాన్ని నా వైపు జరిపారు. "అడుగు అతన్ని," అన్నారు చివరికి. "వద్దంటే పరవాడ ఇల్లు వేద్దాం."

ఎర్రన్న మేస్త్రి విశాఖ వచ్చినప్పుడు కబురు పంపాలి.

మే 21

మేస్త్రికి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు, మాట తేడా రాకూడదని.

అమ్మ: "అచ్చులో ఎందుకే? ఉన్న బాద సాల్దేటి?"

జూన్ 4

కబురు లేదు. ప్రెస్సు వాళ్ళు బొమ్మలడుగుతన్నారు. అన్నీ పంపాం, అదొక్కటి తప్ప.

జూన్ 12

గాలి. రేకుల మీద వాన పడితే ఇంట్లో మాట వినపడదు. అమ్మ చెవులు మూసుకుంటుంది. తాటాకు మీద వానకి ఇంత చప్పుడుండేది కాదు... చూరునుంచి కారే నీళ్ళ చప్పుడు ఒక్కటే ఉండేది. చూరు కింద చెయ్యి పెట్టి బావ నా మొహం మీద చల్లేవాడు.

రోజూ ఒక పూటైనా అతన్ని తలుచుకోకుండా ఉండాలని చూస్తాను. కుదరదు.

జూన్ 18

మేస్త్రి ఆఫీసు గేటు దగ్గరికే వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రాయమన్నాడమ్మా. కూల్సినోడని కూడా రాయమన్నాడు. సూసినోడని ఒక్కటే రాత్తే అబద్దమైపోద్దంట."

"ఇంకేమన్నాడు?"

"అంతే అన్నాడు." టోపీ పెట్టుకుంటూ: "రెండు రోజులు పన్లోకి రాలేదు, మీ కబురు సెప్పినాక."

జూన్ 20, ఆదివారం

మేడం నా చేతే రాయించారు. మూడు వాక్యాలు. కొట్టేసి, మళ్ళీ రాసి. ఈ ఇంటిని కూల్చే పని చేసిన అప్పలరాజు, భోజనానికి వెళ్ళకుండా, సగం కూలిన దశలో కూర్చుని చూసి చెప్పిన వివరాల ప్రకారం... "అతను ఈ ఇంటి మేనల్లుడు" అని చివర చేర్చాను. మేడం చదివి ఆ ముక్క ఉంచారు.

ఆగస్టు 8

ప్రూఫులు. పబ్లిషర్ గారు వెనక అట్ట మీద కోళ్ళ పెంపకం ప్రకటన పెద్దదిగా, సబ్బుల తయారీ చిన్నదిగా వేశారు. మేడం పడీపడీ నవ్వారు. "ఉండనీ. కోళ్ళ కోసం కొన్నవాడైనా తిరగేస్తాడు."

పుస్తకం పేరు: చుట్టిల్లు. అంతే.

సెప్టెంబర్ 20

ఆఫీసులో అమ్మాయిలంతా వారపత్రిక సీరియల్ గురించి. నాయిక ఏం చేస్తుందో వచ్చే వారం దాకా తెలీదట. నవ్వాను వాళ్ళతో కలిసి. నాకు ఏ వారం తెలుస్తుందో.

నవంబర్ 14, ఆదివారం

వచ్చింది. మేడం గారింటికి కట్టలు. గోనెపట్టా వాసన, లోపల కొత్త కాగితం వాసన. కాగితం అనుకున్నంత దళసరిగా లేదు. ఇంకు కొన్ని చోట్ల పలచబడింది. మడత కాగితం మాత్రం బాగుంది. విప్పితే బల్లంతా మా ఇల్లు.

గాజువాకకి ఒక కట్ట తీసుకెళ్ళాను. అమ్మకి ముందు. చదవడం రాదు. బొమ్మ నేల మీద పరిపించుకుంది. పొయ్యి దగ్గర వేలు పెట్టింది. అక్కణ్ణుంచి మసి వెంట పైకి, అటక దాకా. చాలాసేపు అక్కడే. తర్వాత చీర కొంగుతో కాగితం మీద లేని దుమ్ము తుడిచింది.

సాయంత్రానికి ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. ఎవరి ఇల్లు ఎటు ఉండేదో పుస్తకంలో లేకపోయినా చెప్పుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు సన్యాసి తాత, బొమ్మ కింద ఏం రాసుందో చదవమన్నాడు. చదవాలా వద్దా... చదివాను. అత్త వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

సన్యాసి తాత చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"బోజనం సెయ్యకుండా కూకున్నాడా ఆడు?"

"అవును తాతా."

"నాకు తెలీదే. నాను బస్సెక్కీసినాను అప్పటికే." మళ్ళీ: "ఆడొక్కడే ఉన్నాడన్నమాట మనూరి కాడ."

అత్త లోపలికి వెళ్ళి ఏడ్చింది. ఆమె ఏడుపు వినడం ఇదే మొదలు.

డిసెంబర్ 3

మేస్త్రితో ఒక పుస్తకం పంపాను. లోపల ఏమీ రాయలేదు. ఏం రాయాలో తోచక కాదు. అంతా రాయాల్సి వస్తుందని.

జనవరి 9, 1983

పబ్లిషర్ గారు చెప్పారట మేడంతో — పుస్తకం కదలడం లేదు. లైబ్రరీలు కొన్ని తీసుకున్నాయి. మేడం అప్పుడే రెండోదాని గురించి మాట్లాడుతున్నారు. పడవలు. తెప్పల్ని ఎలా కడతారో, తాడు ఎలా ముడేస్తారో. "నీ కొలతలు, నా కబుర్లు." మోకాలికి కట్టు కట్టుకునే అన్నారు.

సరే అన్నాను. కానీ సముద్రం ఒడ్డున కూర్చున్నా నా కళ్ళు కొండల వైపే పోతాయి.

ఫిబ్రవరి 13, ఆదివారం

వచ్చాడు.

కాలనీలోకి రాలేదు. మెయిన్ రోడ్డు మీద బస్సు స్టాపు పక్కన సోడా బడ్డీ దగ్గర నిలబడి ఒక పిల్లచేత కబురు పంపాడు. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళాను. ఉతికిన చొక్కా. చంకలో పుస్తకం, న్యూస్ పేపరు అట్ట వేసి ఉంది.

"సదివినాను," అన్నాడు. "నాకు రాని మాటలున్నాయి కొన్ని. సదివినాను."

"బొమ్మ?"

విప్పాడు. లారీల గాలికి కాగితం ఎగిరిపోబోయింది. ఒక కొస అతను, ఒక కొస నేను పట్టుకున్నాం. మధ్యలో ఇల్లు.

"సరిగ్గా ఇలాగే ఉండీది," అన్నాడు. "ఆ రోజు నాను కూకున్న కాణ్ణించి... సరిగ్గా ఇలాగే."

అమ్మ ఎదురుచూస్తోందని చెప్పాను. అత్త పొయ్యి మీద చేపల పులుసు ఉందని చెప్పాను. అబద్ధం, నేను ఇంట్లోంచి వచ్చేటప్పటికి అత్తకి తను వచ్చినట్టే తెలీదు. కానీ చెప్తే చేస్తుంది. క్షణంలో చేస్తుంది.

సన్యాసి తాత అటుగా వచ్చాడు, భుజాన తుండు, చేతిలో కిరసనాయిలు డబ్బా. ఆగాడు.

"ఎప్పుడొచ్చినావురా?"

"ఇప్పుడే తాతా."

"తిన్నావా?"

బావ తల అడ్డంగా ఊపాడు. తాత అతని భుజం మీద చెయ్యి వేసి, కాస్త నొక్కి, ఇంకేమీ అనకుండా రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూసి చేత్తో ఇంటివైపు చూపించాడు. పద అన్నట్టు.

కాగితం మడిచాం. మడతలు సరిగ్గా కుదరలేదు, మళ్ళీ విప్పి మడిచాం. బస్సొకటి వచ్చింది, వెళ్ళింది. అతను ఎక్కలేదు.

"రత్తం."

"ఊఁ."

"లోగోడ మీదే దూలం ఉండీది గదా. బయటి గోడ పడిపోనా ఇల్లు నిలబడీదేటి?"

"నిలబడేది," అన్నాను. "నిలబడేది బావా."

కాలనీ వైపు చూశాడు, అంత దూరం నుంచి రేకుల కప్పులే కనిపిస్తాయి, వరసగా. ఇంకో బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకేశాడు. ఆ కేక అతన్నే అన్నట్టు కదిలాడు. మెట్టు మీద కాలు పెట్టి, పుస్తకం ఛాతీకి ఆనించుకుని, లోపలికి వెళ్ళిపోయాడు.

"మళ్ళీ ఎప్పుడు?" అన్నాను. ఇంజను చప్పుడులో నాకే వినపడలేదు.

ఫిబ్రవరి 14

అత్త అడిగింది, ఏమన్నాడని. ఆకలేస్తందని చెప్పాడన్నాను. ఇవాళ మధ్యాహ్నం పులుసు పెట్టి మూత వేసి ఉంచింది.

నిన్న బస్సులో బావ కాలనీ వైపు కిటికీ పక్కన కూర్చున్నాడు. అది చూశాను. నా వైపు తల తిప్పబోయాడు, అదీ చూశాను. అంతలో ఇనుప కడ్డీల లారీ అడ్డొచ్చింది. అది దాటేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.